నాయిన నాడి తడబడిన రోజులు

మా నాయిన మణికట్టుకు మొదటిసారి గడియారం కట్టింది తొమ్మిదో అంతస్తు మేడం. అప్పటికి నాయినకు యాభై నాలుగేళ్లు. కోకాపేటలో ఒక పెద్ద అపార్ట్‌మెంటు సెల్లారులోకి దిగే దారి పక్కన, గోడకు ఆనించి మా ఇస్త్రీ బండి ఉండేది. నాయిన ఇస్త్రీ చేసేవాడు. అమ్మ లిఫ్టులో పైకి వెళ్లి ఫ్లాట్లలో బట్టలు అడిగి తెచ్చేది, అయ్యాక మళ్లీ ఇచ్చి వచ్చేది. చదువుకునే రోజుల్లో నేను కాలేజీ నుంచి నేరుగా బండి దగ్గరికే వచ్చి మడతలు పెట్టేదాన్ని. మా తాత వాగులో బట్టలు ఉతికి బతికాడు. నాయిన చేతికి వచ్చేసరికి ఉతుకుడు మిషన్ల పాలై ఇస్త్రీ ఒక్కటే మిగిలింది. చుట్టూ పొలాలన్నీ టవర్లయినా మేము ఎక్కడికీ పోలేదు. టవర్ల వెనక మిగిలిపోయిన పాత ఊళ్లో, తాత వేసిన రెండు గదుల రేకుల ఇంట్లోనే ఉండేవాళ్లం.

నేను మాదాపూర్‌లో ఉద్యోగంలో చేరి అప్పటికి రెండు నెలలు. ఆ రోజు శనివారం, నాకు సెలవు. పొద్దున పదకొండు దాటింది. నాయిన పని ఆపి స్టూలు మీద కూర్చుని అరచెయ్యి ఛాతీ మీద పెట్టుకున్నాడు. మేడం చీర ఇద్దామని వచ్చింది. ఆమె కడప వైపు మనిషి.

"ఏమన్నా, ఇట్లా కూసున్నావు? చెమటలు కారిపోతాండాయే," అంది.

"ఏం లేదు మేడం, గ్యాసు. పొద్దుగాల మిర్చి తిన్న. లోపల పిట్ట కొట్టుకున్నట్టు అయితున్నది."

"ఎన్నాళ్ల నుంచి?"

"అప్పుడప్పుడు అయితది. మల్ల అదే పోతది."

ఆమె తన చేతికున్న స్మార్ట్ గడియారం విప్పి నాయిన మణికట్టుకు కట్టింది. దాని పట్టీ ఆఖరి బెజ్జం దాకా లాగాల్సి వచ్చింది. "ఈ వేలు దీని మీద పెట్టు. అర నిమిషం కదలొద్దన్నా," అంది. నాయిన ఫొటో దిగుతున్నవాడిలా నిటారుగా కూర్చున్నాడు. అమ్మా నేనూ నవ్వుకున్నాం. ఆ చిన్న అద్దం మీద ఒక గీత లేచి పడుతూ పోయింది. అర నిమిషం అయ్యాక మేడం అక్కడ వచ్చిన అక్షరాలు చదివింది, ఇంకోసారి పెట్టమంది, మళ్లీ చదివింది.

"నేనేం డాక్టరును కాదు. కొట్టుకునేది వరసగా లేదని చెప్తాంది ఇది. ఊరకే ఉండొద్దన్నా, పోయి చూపిచ్చుకో," అంది.

"మీ గడియారంకు ఇస్త్రీ చెయ్యి కొత్త కద మేడం, పరేషాన్ అయింది," అని నాయిన దాన్ని విప్పి, తుడిచి, రెండు చేతులతో ఇచ్చాడు.

సోమవారం అమ్మ ఆయన్ని బస్తీ దవాఖానకు తీసుకుపోయింది. అక్కడి నర్సు నాడి పట్టుకుని చాలాసేపు వదల్లేదట. చీటీ రాసి పెద్ద సర్కారు దవాఖానకు పొమ్మన్నారు. అక్కడికి పోయిన రోజు మాత్రం నేను సెలవు పెట్టి వెంట వెళ్లాను. పరీక్షలన్నీ అయ్యేసరికి మధ్యాహ్నం మూడు. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. మా ఓపీ చీటీ వెనక పెన్నుతో గుండె బొమ్మ గీసింది.

"ఇవి పై గదులు. ఇవి గట్టిగ కొట్టుకోవాలె. మీవి వణుకుతున్నయి. కొట్టుకుంటే రక్తం ముందుకు పోతది. వణికితే ఆడనే ఆగి గడ్డ కడ్తది. ఆ గడ్డ మెదడుకు పోయిందనుకో, పక్షవాతం. ఈ జబ్బు మస్తుమందికి ఉంటది పెద్దాయనా. భయపడకు, గని మర్చిపోకు."

రక్తం పలచగా ఉంచే మందు జీవితాంతం వాడాలంది. అందులో రెండు రకాలట. పాత మాత్ర చవక, దవాఖానలోనే ఇస్తారు, కానీ నెల నెలా రక్త పరీక్ష చేయించుకోవాలి. పరీక్షలో వచ్చే అంకె రెండుకీ మూడుకీ మధ్య ఉండాలి. తగ్గితే గడ్డ కడుతుంది, పెరిగితే ఎక్కడైనా రక్తం కారుతుంది. కొత్త మాత్రకు ఆ పరీక్ష అక్కర్లేదు. కానీ రోజుకు రెండు, బయట కొనుక్కోవాలి.

నాయిన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "పాతదే రాయున్రి మేడం. నెలకు ఒక్క దినం పోతె పాయె," అన్నాడు. తర్వాత అసలు అడగాలనుకున్నది అడిగాడు. "పని జేస్కోవచ్చా?"

"చేస్కోవచ్చు. మందు మాత్రం ఒక్క పూట కూడ ఆపొద్దు. పరీక్ష తప్పొద్దు."

నేను పక్కనే నిలబడి ఉన్నాను. కొత్త మాత్ర నేను కొంటానని నోటి దాకా వచ్చింది. ప్రొబేషన్‌లో ఉన్న ఉద్యోగం, ఆరు నెలల తర్వాత ఉంటుందో లేదో తెలియదు. ఆ మాట నోట్లోనే ఉండిపోయింది.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఉద్యోగంలో చేరిన రోజు కంప్యూటర్‌లో ఒక ఫారం నింపించారు. నాకు ఆరోగ్య బీమా కంపెనీయే ఇస్తుంది. అమ్మానాన్నలను కూడా చేర్చుకోవాలంటే జీతంలోంచి నెలకు కొంత కోస్తారు. అవును, కాదు అని రెండు గడులు. నాతో పాటు చేరిన పక్క సీటు అమ్మాయి వెంటనే 'అవును' నొక్కింది. నేను కాసేపు చూసి 'కాదు' నొక్కాను. నాయిన జ్వరంతో పడుకోగా నేనెప్పుడూ చూడలేదు. నలభై ఏళ్లుగా బొగ్గుల పొగ మింగుతున్నాడు, ముందు ఆయనకు గ్యాసుతో వేడెక్కే ఇస్త్రీ పెట్టె కొనాలనుకున్నాను. మొదటి జీతంతోనే కొన్నాను. నిజం దాచడం ఎందుకు, ఆఫీసుకని నాకు నాలుగు జతల కొత్త బట్టలు కూడా కొనుక్కున్నాను.

దవాఖాన నుంచి వచ్చిన మర్నాడు ఆ ఫారం మార్చవచ్చా అని ఆఫీసులో అడిగాను. ఏడాదికి ఒకసారే తెరుస్తారని, ఇంకా తొమ్మిది నెలలు ఆగాలని అక్కడి అమ్మాయి చెప్పింది. ఎందుకని అడిగితే ఊరికే అన్నాను.

నెలకు ఒక్క దినం అన్నాడు కదా నాయిన, అది ఒక్క దినంతో పోలేదు. పొద్దున్నే ఆరింటికి బయలుదేరి రెండు బస్సులు మారాలి. టోకెన్, రక్తం ఇవ్వడం, రిపోర్టు కోసం మధ్యాహ్నం దాకా కాచుకోవడం, దాన్ని పట్టుకుని మళ్లీ ఇంకో వరస. కొన్నిసార్లు డాక్టరు ఉండే టైము దాటిపోయి మర్నాడు రమ్మనేవారు. అంకె తక్కువ వచ్చిందని మందు మార్చితే వారం తిరక్కుండా మళ్లీ పరీక్ష. ఆకుకూర ఒక వారం ఎక్కువ తిన్నా అంకె మారుతుందని చెప్పారు. అమ్మ పాలకూర, తోటకూర తేవడం మానేసింది. గోంగూర పచ్చడి అంటే ప్రాణం నాయినకు. దాన్ని చూసి, మూత పెట్టి, పక్కకు జరిపేవాడు.

ఆయన దవాఖానకు పోయిన రోజు అమ్మ ఒక్కతే బండి నడిపేది. పైకి పోయి బట్టలు తెచ్చేసరికి కింద ఎవరో వచ్చి పిలిచి వెళ్లిపోయేవారు. ఇస్త్రీ మొదలుపెడితే పైన ఇవ్వాల్సినవి ఆగిపోయేవి. ఒక సోమవారం ఎవరికో ముఖ్యమైన మీటింగు ఉందట, చొక్కా అందలేదు. టవర్ల వాట్సాప్ గ్రూపులో ఆ సంగతి పెట్టారు. దాని కింద ఇంకొకరు, ఇంకొకరు. ఇస్త్రీ అతను ఈమధ్య సరిగా రావడం లేదు, అసోసియేషన్ వాళ్లు వేరే ఏర్పాటు చూడండి అని. తొమ్మిదో అంతస్తు మేడం ఆయనకు ఒంట్లో బాగాలేదని రాసిందట. అయ్యో, త్వరగా కోలుకోవాలి అని నలుగురు చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. పది రోజులకు లాండ్రీ కంపెనీ వ్యాను గేటు లోపలికి రావడం మొదలైంది. ఫోనులో నొక్కితే ఇంటికి వచ్చి సంచీలో వేసుకుపోతారు.

వాళ్ల తప్పని నేననను. రోజూ ఎనిమిదిన్నరకు ఆఫీసుకు పరుగెత్తే మనుషులు వాళ్లు. అప్పటికి నేనూ అలాంటి మనిషినే.

శ్రావణమాసంలో పట్టుచీరలు కుప్పగా వచ్చాయి. పోయిన గిరాకీ ఆ నెలలోనైనా తిరిగి వస్తుందని నాయిన ఆశపడ్డాడు.

"ఈ నెల పరీక్షకు పోవాలి నాయినా," అన్నాను.

"పోత తియ్. ఈ చీరలు కానీ ముందుగాల."

"నేను సెలవు పెడతా, ఇద్దరం పోదాం."

"నువ్వొద్దు. నీది పక్కా కాలే ఇంకా. సెలవులు పెడితే ఏమనుకుంటరు? నాకేం ఫికర్ లేదు బిడ్డా, మందు వేస్కుంటనే ఉన్న కద. మంచిగనే ఉన్న."

నిజంగానే బాగా కనిపించేవాడు. ఆ జబ్బుతో వచ్చిన చిక్కే అది. కాలు విరిగితే కుంటుతాం, జ్వరమొస్తే ఒళ్లు కాలుతుంది. ఈ గుండె ఎలా కొట్టుకున్నా పైకి మనిషి మనిషిలాగే ఉంటాడు, ఇస్త్రీ చేస్తాడు, ఇంటికొచ్చి టీవీ చూస్తాడు. అలాంటివాణ్ణి పని మానుకుని దవాఖానలో కూర్చోమంటే ఎవరు కూర్చుంటారు? శ్రావణం పరీక్ష తప్పింది. తర్వాతి నెలదీ తప్పింది.

దసరా అయిన రెండో వారంలో, మంగళవారం పొద్దున పది గంటలకు, ఆఫీసులో రోజూ పది నిమిషాలు నిలబడి మాట్లాడుకునే మీటింగులో ఉన్నాను. నిన్న ఏం చేశానో చెప్తుండగా అమ్మ ఫోను. కట్ చేశాను. మళ్లీ చేసింది. ఎత్తితే అమ్మ ఏడవడం లేదు. ఎవరో తరుముతున్నట్టు మాట్లాడింది.

"మీ నాయిన చెయ్యి పడిపోయిందే. మూతి వంకర వోయింది. మాట్లాడుతలేడు. బట్ట కాలుతున్న వాసనొస్తె చూసిన, పెట్టె చొక్కా మీదనే ఉన్నది, తీస్తలేడు. నన్నే చూస్తున్నడు, తీస్తలేడు."

అపార్ట్‌మెంటు సెక్యూరిటీ వాళ్లు కారులో ఎక్కించి దగ్గర్లోని ప్రైవేటు ఆసుపత్రికి తెచ్చారు. నేను క్యాబులో అక్కడికే వెళ్లాను. లోపల స్ట్రెచర్ మీద నాయిన. కుడిచెయ్యి ఆయనది కానట్టు పక్కకు వేలాడుతోంది. నన్ను చూసి ఏదో అనబోయాడు, మాట రాలేదు, గొంతులోంచి ఒక శబ్దం మాత్రం వచ్చింది.

స్కాను తీశారు. మెదడులో గడ్డ అడ్డం పడిందన్నారు. గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఉంది, దానికి టైము ఉంది, ఆ టైము దాటితే వేసినా లాభం లేదన్నారు. ముందు కౌంటర్ దగ్గరికి వెళ్లమన్నారు.

కౌంటర్‌లో నా వయసు అమ్మాయే. "ఇన్సూరెన్స్ ఉందా అండీ?" అని మర్యాదగా అడిగింది.

ఫోనులో నా కార్డు తీసి చూపించాను. ఎందుకు చూపించానో నాకే తెలియదు. అందులో ఏముందో నాకు తెలుసు.

ఆమె చదివి, ఫోను నా వైపు తిప్పి, "ఇందులో మీ పేరు ఒక్కటే ఉందండీ," అంది.

కట్టమన్న అడ్వాన్సు మా దగ్గర లేదు. తొమ్మిదో అంతస్తు మేడంకు ఫోను చేశాను, ఏ పనిలో ఉందో, ఎత్తలేదు. ఇద్దరు స్నేహితులు పంపినవి స్కానుకు, అంబులెన్సుకు సరిపోయాయి. అక్కడి నుంచి పెద్ద దవాఖానకు బయలుదేరేసరికి ఒంటిగంట దాటింది. దారి పొడుగునా ట్రాఫిక్. అంబులెన్సు కూత వేస్తూనే ఉంది, ముందు కార్లు జరగడానికి చోటు లేదు. అమ్మ నాయిన చెయ్యి రుద్దుతూ కూర్చుంది. పడిపోయిన చేతినే రుద్దుతోంది, వేడి వస్తుందని.

దవాఖానలో వెంటనే చేర్చుకున్నారు, మంచిగానే చూశారు. కానీ ఇంజెక్షన్ టైము దాటిపోయింది. అక్కడి డాక్టరు రక్తం పరీక్ష కాగితం చూసి అడిగాడు. "మందు వాడుతున్నడా అసలు? అంకె ఒకటి మీద ఉన్నది."

"రోజూ వేస్కుంటడు సార్, నా కండ్ల ముంగటనే," అంది అమ్మ.

మూడో రోజు బట్టల కోసం ఇంటికి వెళ్లినప్పుడు అమ్మకు గుండీల డబ్బా కనిపించింది. ఊడిపోయిన గుండీలు పారేయకుండా నాయిన ఒక రేకు డబ్బాలో దాచేవాడు. ఆ గుండీల మధ్య కాగితంలో చుట్టిన సగం మాత్రలు ఉన్నాయి. బ్లేడుతో కోసినవి. పళ్లు తోముతుంటే చిగుళ్ల నుంచి రక్తం వస్తోందని ఒకసారి అన్నాడు. మందు ఎక్కువై రక్తం కారుతోందని ఆయనకు ఆయనే అనుకుని సగం చేసుకున్నాడన్న మాట. దవాఖానకు పోయి అడిగితే ఒక దినం పోతుంది. మిగిలిన సగాలు పారేయడానికి ఆయనకు చేతులు రాలేదు.

అదే రోజు అమ్మ ఇంకో పని చేసింది. కాలిన చొక్కా ఎవరిదో వెతుక్కుంటూ పన్నెండో అంతస్తుకు వెళ్లింది. తలుపు తీసినతను పెళ్లికాని కుర్రాడు. చొక్కా డబ్బులు ఇవ్వబోతే వద్దమ్మా వద్దమ్మా అని వెనక్కి వెళ్లిపోయాడట. అమ్మ వాటిని చెప్పుల స్టాండు మీద పెట్టి, పైన ఒక చెప్పు ఉంచి వచ్చేసింది. "మనిషి పడిపోయిండు, సొమ్మెందుకని అనొచ్చు. గని చొక్కా కాల్చింది మనమే కద," అంది నాతో.

పద్దెనిమిది రోజులు దవాఖానలో ఉన్నాం. ఉన్న సెలవులు అయిపోయాయి, తర్వాతవి జీతం లేనివి. మా మేనేజరు మంచివాడు, ప్రొబేషన్ ఇంకో ఆరు నెలలు పొడిగించి ఊరుకున్నాడు. తీసేయవచ్చు, తీసేయలేదు.

నాయిన ఇంటికి వచ్చాడు. కుడివైపు చెయ్యీ కాలూ రాలేదు, మాట రాలేదు. మనం చెప్పేవన్నీ అర్థమయ్యేవి. జవాబు ఇవ్వబోతే మాట దొరక్క పెదవులు తంటాలు పడేవి. చివరికి కోపం వచ్చి ఎడమచేత్తో మంచాన్ని కొట్టేవాడు. వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీ చేయించే ఆమె ఇంటికి వచ్చేది. ఆమె ఒకరోజు చెప్పింది, మాట పోయినవాళ్లకు కూడా రోజూ అలవాటుగా అనే మాటలు ఒక్కోసారి లోపలే ఉంటాయని, దేవుడి పాటలో, వారాల పేర్లో, ఏదో ఒకటి పట్టుకుని లాగి చూడమని. పాటలతో ప్రయత్నించాం, రాలేదు. వారాల పేర్లూ రాలేదు.

ఒక ఆదివారం అమ్మ ఎదురింటివాళ్ల బట్టలు ఇస్త్రీ చేసి, మడతలు పెట్టి, అవన్నీ తెచ్చి ఆయన ఎడమచేతి పక్కన పెట్టింది. "లెక్కపెట్టు, ఎన్నున్నయో. వాళ్లు అడుగుతరు," అంది, ఎప్పుడూ అనేటట్టే. నాయిన ఎడమచెయ్యి మొదటి మడత మీద వేశాడు.

"ఒకటి," అన్నాడు.

అమ్మా నేనూ కదల్లేదు.

"రెండు. మూడు. నాలుగు." పద్నాలుగు దాకా ఒక్క తప్పు లేకుండా వచ్చింది. ఆయన గొంతే అది, పాత గొంతు. పద్నాలుగు దగ్గర బట్టలు అయిపోయాయి. మా వైపు చూసి ఇంకేదో అందామని నోరు తెరిచాడు. మళ్లీ ఏమీ రాలేదు. అమ్మ గబగబా అలమారలో ఉన్న బట్టలన్నీ తీసుకొచ్చి పేర్చింది. ఆ మధ్యాహ్నం మా ఇంట్లో ఉన్న బట్టలన్నీ లెక్కపెట్టాడు నాయిన. అమ్మ ఏడుస్తూ, నవ్వుతూ ఒక్కొక్కటే అందించింది. నా పేరు మాత్రం మళ్లీ ఎప్పుడూ పలకలేదు.

బండి ఆ చోటులో ఎక్కువ రోజులు నిలవలేదు. బండి పెట్టుకునే చోటు లాండ్రీ కంపెనీకి ఇచ్చేశామని అసోసియేషన్ వాళ్లు బాధపడుతూనే చెప్పారు. మంచం పట్టిన మనిషిని ఇంట్లో వదిలి అమ్మ ఎటూ ఆ గిరాకీ నిలబెట్టలేదు. ఆర్నెల్లకు అదే కంపెనీ కూకట్‌పల్లి దగ్గర పెట్టిన షెడ్డులో ఇస్త్రీ పనికి చేరింది. ఆవిరి పెట్టెల ముందు వరసగా ఆడవాళ్లు, తెల్లారి ఆరు నుంచి మధ్యాహ్నం రెండు దాకా. నేను సాయంత్రం నాలుగింటికి మొదలయ్యే టీంకు మారాను. అందులో కొత్తగా నేర్చుకునేది ఏమీ ఉండదని అందరికీ తెలుసు, నాకూ తెలుసు. అమ్మ లోపలికి వస్తుంటే నేను బయటికి వెళ్లేదాన్ని. అన్నం ఎంత తిన్నాడు, మందు వేశానా, పక్క మార్చానా, గుమ్మంలో నిలబడే చెప్పుకునేవాళ్లం. ఆ రోజుల్లో అమ్మా నేనూ కలిసి కూర్చుని తిన్న పూటలు ఆదివారాలవే.

కొత్త టీంలో మేము ఒక విదేశీ బీమా కంపెనీ కోసం తయారయ్యే రిపోర్టులు సరిగ్గా ఉన్నాయా లేదా చూసేవాళ్లం. ఒకరోజు నా ముందుకు వచ్చిన రిపోర్టు పైన నాయిన జబ్బు పేరు ఉంది. డాక్టరమ్మ చీటీ మీద రాసిన అదే పేరు. ఆ జబ్బు వల్ల సమాజం మీద పడే భారం అని దాని శీర్షిక. ఆసుపత్రి రోజులు, మందులు, పరీక్షలు, పోయిన పనిదినాలు, ఒక్కోదానికి ఒక్కో నిలువు వరస. చివరి వరస పేరు చూసి ఆగిపోయాను. ఇంట్లో చూసుకునేవాళ్ల గంటలు. అలాంటిదానికి ఒక వరస ఉంటుందని నేను అనుకోలేదు. కిందికి జరిపి చూశాను. పై నుంచి కింది దాకా ఖాళీ.

అది తప్పు కదా, తప్పు కనపడితే రాయడమే నా పని. చివరి వరసలో వివరాలు రావడం లేదని రాసి పంపాను. మర్నాడు జవాబు వచ్చింది. ఆ వివరాలు ఎవరూ సేకరించడం లేదు, వరస కనపడకుండా దాచేశాం, సరిచూడగలరు అని. తెరిచి చూశాను. ఆ వరస లేదు. రిపోర్టు సరిగ్గా ఉందని రాసి, మూసేసి, క్యాంటీన్‌కు వెళ్లి నీళ్లు తాగాను.

ఆ వారం ఆదివారం అమ్మకు ఫారం సంగతి చెప్పాను. అప్పటిదాకా చెప్పలేదు. నాయిన నిద్రపోతున్నాడు. అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఆ రోజు 'అవును' నొక్కి ఉంటే ఆ ప్రైవేటు ఆసుపత్రిలోనే ఇంజెక్షన్ పడేదని, నాయిన మాట్లాడేవాడేమోనని చెప్పాను. అమ్మ చాట కదపడం ఆపలేదు.

"నువ్వు కొన్న పెట్టెను జూసి ఎంత సంబరపడ్డడో ఎరుకనా? పొగ లేదు, బూడిద లేదు, నా బిడ్డ కొన్నదని ఆ టవర్ల ఎవ్వరినీ వదల్లే, అందరికీ చెప్పిండు," అంది. ఒక రాయి ఏరి పక్కన పడేసింది. తర్వాత, "నేనూ చూడాలె కద. మందు మింగుతున్నడా అని చూసిన. సగం మింగుతున్నడని చూడలే. నువ్వొక్కదానివే మోస్తనంటె ఎట్ల? నాకు కొంచెం ఉండనీ," అంది.

నాకు అది ఓదార్పు అనిపించలేదు. కానీ ఆ తర్వాత రాత్రుళ్లు కొంచెం నిద్ర పట్టింది.

ఫారం మళ్లీ తెరిచినప్పుడు ఇద్దరి పేర్లూ చేర్చాను. రెండో ఏడు వానాకాలంలో నాయినకు మళ్లీ వచ్చింది, ఈసారి మధ్యాహ్నం అన్నం తింటుండగా. అదే ప్రైవేటు ఆసుపత్రి. కార్డు చూపించగానే లోపలికి తీసుకున్నారు, ఎవరూ ఏమీ కట్టమనలేదు. అన్నీ చేశారు. నాలుగు రోజులు మిషన్ల మధ్య ఉన్నాడు. మంచం పక్కన ఒక తెర మీద ఆయన గుండె గీత నడుస్తూ ఉండేది, ఒకచోట దగ్గర దగ్గరగా, ఒకచోట ఎడంగా. అమ్మ దాన్ని కళ్లార్పకుండా చూసేది. "ఇన్నేండ్లు కలిసి పండుకున్నం, నాకెప్పుడూ తెల్వలే ఇట్ల కొట్టుకుంటదని," అంది. నాలుగో రోజు సాయంత్రం ఐదింటికి పోయాడు.

కర్మ అయిన మర్నాడు అమ్మ షెడ్డుకు వెళ్లిపోయింది. ఇంకో రెండు రోజులు ఉండమంటే, ఇంట్లో కూర్చుని ఏం చెయ్యాలి అంది. ఆమె అన్నది నాకు ఆ మధ్యాహ్నం అర్థమైంది. మూడు గంటలకు ఆమె తిరిగి వచ్చింది. నేను చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడ్డాను. చెప్పుకోవడానికి ఏమీ లేదు. అన్నం తిన్నావా అంది. తిన్నా అన్నాను.

ఆ వారంలోనే మేనేజరు తన గదిలోకి పిలిచాడు. టేబుల్ మీద ఉన్న నీళ్ల సీసా నా వైపు జరిపాడు. కాసేపు పెన్ను తిప్పాడు. పొద్దుటి షిఫ్టులో పెద్ద పని ఒకటి వచ్చిందని, అలాంటిది రెండేళ్లుగా నాకు ఇవ్వాలనుకుంటూ ఇవ్వలేకపోయానని అన్నాడు. ఆయన మంచి మనసుతోనే అడిగాడు, అది నాకు తెలుసు.

"ఇప్పుడు నీకు ఇంటి దగ్గర ఇబ్బంది ఏమీ లేదు కదమ్మా?"

"లేదు సార్," అన్నాను.

"అయితే సోమవారం నుంచి రా."

సరేనని లేచాను. లిఫ్టు కోసం ఆగకుండా మెట్లు దిగాను. ఐదు అంతస్తులు దిగాక మధ్యలో ఒకచోట కూర్చున్నాను. పైకీ కిందికీ వెళ్లేవాళ్లు ఎవరూ లేరు. అక్కడ ఎంతసేపు ఏడ్చానో నాకు తెలియదు. తర్వాత లేచి, మొహం కడుక్కుని, నా సీటుకు వెళ్లి అప్పటిదాకా చేస్తున్న పని మా టీంలో ఇంకో అమ్మాయికి అప్పగించడం మొదలుపెట్టాను.